ఇంగ్లండ్‌లో స్కూల్ గవర్నర్‌గా పనిచేయదలచిన తెలుగు తల్లిదండ్రులకు

పిల్లలు పదకొండేళ్ల వయసులో ఇయర్ సెవెన్‌లో చేరిన తరువాత స్కూలు నుంచి వచ్చే ఉత్తరాలలో ఎప్పుడో ఒకసారి 'పేరెంట్ గవర్నర్ ఎన్నిక' అన్న మాట కనబడుతుంది. మనవారిలో చాలామంది అది ఇక్కడ పుట్టి పెరిగినవారి వ్యవహారమనుకొని పక్కన పెట్టేస్తారు. నిజానికి ఈ పదవికి బ్రిటిష్ పౌరసత్వం అక్కరలేదు. పద్దెనిమిదేళ్లు నిండి, చట్టం చెప్పిన అనర్హతలు లేని ఆ స్కూలు తల్లిదండ్రులెవరైనా పోటీ చేయవచ్చు. జీతం ఉండదు. పదవీకాలం సాధారణంగా నాలుగేళ్లు. స్కూలు ఏ దారిన సాగాలో నిర్ణయించడం, పిల్లల చదువు విషయంలో హెడ్‌టీచర్‌ను జవాబుదారీగా ఉంచడం, డబ్బు సక్రమంగా ఖర్చవుతున్నదో లేదో చూడడం అన్నవి గవర్నర్లందరి మండలి అయిన గవర్నింగ్ బాడీకి ఉన్న మూడు ముఖ్యమైన బాధ్యతలు.

దరఖాస్తు చేయడానికి ముందు మీ స్కూలు ఏ రకానిదో తెలుసుకోవాలి. కౌన్సిల్ ఆధ్వర్యంలోని మెయింటెయిన్డ్ స్కూలు అయితే గవర్నింగ్ బాడీకి చట్టం ఇచ్చిన అధికారాలు నేరుగా ఉంటాయి. నేడు సెకండరీ స్కూళ్లలో అధిక భాగం అకాడెమీలే, అంటే కౌన్సిల్ కాక ట్రస్టులు నడిపేవే. అనేక స్కూళ్లను నడిపే ట్రస్టు కింద మీ స్కూలు ఉంటే అసలు అధికారం ట్రస్టీల చేతిలో ఉంటుంది, స్థానిక గవర్నర్లకు వారు పంచి ఇచ్చినంత మాత్రమే దక్కుతుంది. ఆ పంపకం వివరాలుండే 'స్కీమ్ ఆఫ్ డెలిగేషన్' అనే పత్రం ట్రస్టు వెబ్‌సైటులో దొరుకుతుంది. దాన్ని చదవకుండా చేరినవారు బడ్జెట్ గురించి గట్టిగా మాట్లాడబోయి, అది తమ పరిధిలోనిదే కాదని సమావేశంలో తెలుసుకొని చిన్నబోవడం చూశాను.

చేరడానికి దారులు అనేకం. పేరెంట్ గవర్నర్లను తల్లిదండ్రులు ఓటు వేసి ఎన్నుకుంటారు, కో-ఆప్టెడ్ గవర్నర్లను వారి నైపుణ్యాన్ని బట్టి గవర్నింగ్ బాడీయే నియమించుకుంటుంది. అందువల్ల మీ పిల్లలు ఆ స్కూలులో లేకపోయినా అవకాశం ఉంటుంది. ఎన్నికలో నిలబడితే మీ గురించి ఒక చిన్న ప్రకటన రాసి ఇవ్వాలి. అందులో మీ పిల్లవాడి సమస్య రాయకండి, మీరు ఏ పని చేయగలరో రాయండి. ఆడిట్, నియామకాలు, ఆరోగ్య సేవలు, డేటా విశ్లేషణ వంటి రంగాలలో పనిచేసినవారికి ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవారికి మాత్రం ఒక మాట. ప్రింటరు పనిచేయకపోయినా, వెబ్‌సైటు తెరుచుకోకపోయినా మిమ్మల్నే పిలిచే అలవాటు మొదలవుతుంది. మొదటిసారే మర్యాదగా తప్పుకోవడం మంచిది.

ఎన్నికైన తరువాత డీబీఎస్ తనిఖీ (నేర చరిత్ర ఉందేమో చూసేది), వ్యాపార సంబంధాల వెల్లడి, పిల్లల భద్రతపై శిక్షణ ఉంటాయి. ఇవి పూర్తి చేయడంలో క్లర్క్ సహాయపడతారు. క్లర్క్ అంటే మన కచేరీలలోని గుమాస్తా అనుకోకూడదు. నియమాలు తెలిసి, గవర్నింగ్ బాడీ దారి తప్పకుండా సలహా చెప్పే వ్యక్తి ఆమె లేదా అతడు. కొత్తగా చేరినవారు ముందుగా స్నేహం చేసుకోవలసింది వారితోనే.

అసలు పనంతా సమావేశానికి ముందే జరుగుతుంది. మెయింటెయిన్డ్ స్కూలు గవర్నింగ్ బాడీ విద్యా సంవత్సరంలో కనీసం మూడుసార్లు సమావేశం కావాలి. ఉపసంఘాలను కలుపుకుంటే మీ సాయంత్రాలు అంతకంటే ఎక్కువే పోతాయి. ఎజెండా, పత్రాలు సాధారణంగా వారం రోజుల ముందు అందుతాయి. వాటిని దారిలో రైలులో తిరగేసి వెళితే రెండు గంటలపాటు తల ఊపడం తప్ప మరేమీ చేయలేరు. హెడ్‌టీచర్ నివేదికను పెన్ను పట్టుకొని చదవాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఒకసారి మాకు అందిన నివేదికలో హాజరు పట్టిక ఒక వరుసలో ఉంది, మొత్తం స్కూలు సగటు క్రిందటి ఏడాది కంటే కాస్త మెరుగుపడింది. అందరూ సంతోషించి తరువాతి అంశానికి వెళ్లబోతుండగా, పేద కుటుంబాల పిల్లల కోసం ప్రభుత్వం ఇచ్చే ప్యూపిల్ ప్రీమియం నిధి కిందికి వచ్చే పిల్లల హాజరు ఎంత ఉందని ఒక గవర్నరు అడిగారు. ఆ అంకె విడిగా లేదు. తరువాతి సమావేశానికి తెప్పించి చూస్తే, ఇయర్ టెన్‌లో ఆ పిల్లలలో చాలామంది పది శాతం లేదా అంతకంటే ఎక్కువ పూటలు బడికి రావడం లేదని, అంటే ప్రభుత్వ లెక్కలో 'పర్సిస్టెంట్ ఆబ్సెంట్' కిందికి వస్తున్నారని తేలింది. సగటు చెప్పిన దానికి అడుగున ఏముందని అడగడమే ఈ పదవిలో అన్నిటికంటే విలువైన పని. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబుతో సరిపెట్టుకోకుండా, 'దీనికి ఏం చేస్తున్నారు, ఫలించిందని మాకెలా తెలుస్తుంది' అని రెండో ప్రశ్న వేయడం అభ్యాసం మీద వస్తుంది.

మనకిక్కడ ఒక చిక్కు ఉంది. గురువును ప్రశ్నించడం అమర్యాద అన్న పెంపకం మనది. నేను మొదటి రెండు సమావేశాలలో నోరు విప్పలేదు. మంచి హెడ్‌టీచర్లు ప్రశ్నను అవమానంగా తీసుకోరని అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పొరపాటు కూడా ఉంది. టైమ్‌టేబుల్ ఎలా వేయాలో, ఏ టీచరును ఏ తరగతికి పంపాలో చెప్పబోవడం గవర్నరు పని కాదు. రోజువారీ నిర్వహణ హెడ్‌టీచర్‌ది. ఒక్క గవర్నరుకు విడిగా ఏ అధికారమూ ఉండదు, నిర్ణయం ఎప్పుడూ గవర్నింగ్ బాడీదే.

తెలుగువారి వాట్సాప్ గ్రూపులో ఈ సంగతి తెలిసినవారు తక్కువ. నేను ఎన్నికైన నెలలోనే, 'అన్నా, నువ్వు గవర్నర్‌వి కదా, మావాణ్ణి మ్యాథ్స్ టాప్ సెట్‌లో వేయించరాదూ' అని ఒక మిత్రుడు సందేశం పెట్టాడు. 'తమ్ముడూ, అది నా చేతిలో లేదు, ఉన్నా చేయకూడదు. ఫారమ్ ట్యూటర్‌తో మాట్లాడు, తేలకపోతే స్కూలు ఫిర్యాదుల విధానం వెబ్‌సైటులో ఉంది' అని జవాబిచ్చాను. కొన్నాళ్లు ముభావంగా ఉన్నాడు. ఫిర్యాదులను గవర్నరు స్వయంగా వినకూడదనడానికి బలమైన కారణం ఉంది. ఆ విషయం రేపు గవర్నర్ల ప్యానెల్ ముందుకు వస్తే, ముందే ఒక వైపు కథ విన్నవారు అందులో కూర్చోవడానికి పనికిరారు.

ప్యానెల్‌లలో బరువైనది శాశ్వత బహిష్కరణను పరిశీలించేది. హెడ్‌టీచర్ ఒక విద్యార్థిని శాశ్వతంగా తొలగిస్తే, గవర్నర్లు సమాచారం అందిన 15 పాఠశాల దినాలలోపు సమావేశమై ఆ విద్యార్థిని తిరిగి చేర్చుకోవాలా వద్దా అని తేల్చాలి. కనీసం ముగ్గురు ఉండాలి. బల్లకు ఒకవైపు హెడ్‌టీచర్, మరోవైపు తల్లి, ఆమె పక్కన పద్నాలుగేళ్ల కుర్రాడు కూర్చుంటారు. తేదీలు, సంఘటనలు, అంతకుముందు స్కూలు అందించిన సహాయం, ప్రత్యేక విద్యావసరాలను పరిగణించారా లేదా అన్నవి పత్రాలలో వెదకాలి. ఆ తల్లికి ఆంగ్లం సరిగా రాకపోతే అనువాదకుడు ఉన్నాడో లేదో ముందురోజే క్లర్క్‌ను అడగండి.

ఉద్యోగం చేస్తున్నవారు మెయింటెయిన్డ్ స్కూలు గవర్నర్లయితే, ఈ విధుల కోసం సహేతుకమైన సెలవు కోరే హక్కు 1996 ఉద్యోగ హక్కుల చట్టం ఇస్తుంది, కానీ ఆ సమయానికి జీతం ఇవ్వాలన్న నియమం లేదు. అందుకే మేనేజరుతో మొదటే మాట్లాడుకోవాలి. గవర్నింగ్ బాడీ అనుమతి లేకుండా ఆరు నెలలపాటు సమావేశాలకు రాకపోతే మెయింటెయిన్డ్ స్కూలులో పదవి పోతుంది. వేసవి సెలవులకు ఇండియా టికెట్లు కొనే ముందు క్లర్క్ పంపిన వార్షిక క్యాలెండరును ఒకసారి చూసుకోండి, రాలేకపోతే కారణం రాసి ముందుగా పంపండి. సమావేశంలో దాన్ని ఆమోదించారో లేదో మినిట్స్‌లో నమోదవుతుంది.