దూకుడు, మెదడు – నాలుగో పాఠం: అమిగ్డాలా మీద నేరం మోపే ముందు

మూడో పాఠం చివర మూడు సంఘటనలు ఇచ్చి, వాటిని మెదడు పనితీరు దృష్టితో విశ్లేషించమని అడిగాను. ఆటలో ఎవరో తోసిన మరుక్షణమే చేయి చేసుకున్న కుర్రవాడు, రెండు రాత్రులు నిద్ర లేక పిల్లల మీద విరుచుకుపడిన తండ్రి, అవమానం జరిగిన పది రోజులకు దారి కాచి కొట్టిన మనిషి. ఈ ముగ్గురికీ మీలో చాలామంది రాసిన జవాబు ఒక్కటే: "అమిగ్డాలా రెచ్చిపోయింది." ఇందులో సగం తప్పు నాదే, ఎందుకంటే ఆ పాఠమంతా మెదడు లోతున ఉండి ముప్పును పసిగట్టే అమిగ్డాలా గురించే రాసి, దానికి కళ్ళెం వేసే, నుదుటి వెనుక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌ను రెండు వాక్యాలతో సరిపెట్టాను. అందువల్ల మెదడులో సందేశాలు మోసే రసాయనమైన సెరటోనిన్ పాఠాన్ని వచ్చేసారికి వాయిదా వేస్తున్నాను.

రెచ్చగొడితే పుట్టే దూకుడు వేరని, లెక్క వేసుకుని చేసే దూకుడు వేరని మీకు తెలుసు కనుక దాన్ని వివరించను. ఆ తేడాకు మెదడులోనూ ఆధారముంది. 1962లో వాస్‌మన్, ఫ్లిన్ అనే పరిశోధకులు పిల్లుల మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లోకి సన్నని తీగల ద్వారా విద్యుత్తు పంపినప్పుడు, మధ్యభాగం ప్రేరేపితమైతే పిల్లి వెంట్రుకలు నిక్కబొడుచుకుని బుసకొడుతూ పంజా విసిరింది, పక్కభాగం ప్రేరేపితమైతే చప్పుడు లేకుండా వెళ్ళి ఎలుకను కొరికింది. రెండూ దాడులే అయినా వాటి దారులు వేరు. అంతకుముందే 1928లో ఫిలిప్ బార్డ్, మెదడు పైపొరను తొలగించిన పిల్లి చిన్న తాకిడికే భీకరమైన కోపం చూపుతుందని, హైపోథాలమస్ వెనుక భాగం కూడా పోతే ఆ కోపం పూర్తి రూపంలో కనిపించదని నిరూపించాడు. కోపాన్ని కూర్చే యంత్రాంగం కింద ఉంది, దాన్ని ఆపే పట్టు పైన ఉంది.

ఇక నన్ను విసిగించే పొరపాటు దగ్గరికి వస్తాను. "కోపం వచ్చినప్పుడు అమిగ్డాలా చురుకవుతుంది" అన్న వాక్యాన్ని మీరు తిరగేసి, "అమిగ్డాలా చురుకైంది కనుక కోపం వచ్చింది" అని రాస్తున్నారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గాని, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదని మన తార్కికులు ఏనాడో కాలిన ఇనుపగుండును చూపి చెప్పారు. అమిగ్డాలా భయానికీ స్పందిస్తుంది, కొత్త ముఖానికీ స్పందిస్తుంది, సంతోషపెట్టే దృశ్యానికీ స్పందిస్తుంది. అది చురుకైందన్న ఒక్క సంగతితో మనిషి కోపంలో ఉన్నాడని తేల్చడం కుదరదు. సగటులతోనూ ఇదే చిక్కు: 1997లో రెయిన్ అనే పరిశోధకుడి బృందం హత్యానేరం ఎదుర్కొన్న 41 మందిని మరో 41 మందితో పోల్చి, మొదటివారి ప్రీఫ్రంటల్ కార్టెక్స్‌లో గ్లూకోజ్ వినియోగం, అంటే ఆ భాగం పనిచేసే చురుకు, తక్కువని చూపింది, కానీ అది రెండు గుంపుల మధ్య తేడాయే గాని, ఎదుట నిలబడిన ఒక మనిషి స్కాను చూసి హంతకుడని చెప్పే సూత్రం కాదు. 1960లలో డెల్‌గాడో అనే పరిశోధకుడు ఎద్దు మెదడులో తీగ అమర్చి, రేడియో మీట నొక్కి, మీదికి దూసుకొస్తున్న ఆ ఎద్దును ఆపినప్పుడు దాని దూకుడే అణగిపోయిందని లోకం అనుకుంది. అయితే ఆ తీగ ఉన్నది కదలికలను నడిపే కాడేట్ భాగంలో గనుక, ఎద్దు కోపం తగ్గి ఆగిందో, శరీరం బలవంతంగా పక్కకు తిరిగి ఆగిందో ఆ దృశ్యం ఒక్కటే చెప్పలేదు.

నేను వాడే అడ్డదారి ఒకటుంది. వాక్యంలో "అమిగ్డాలా" ఉన్నచోట "మెదడు" అని పెట్టి చదవండి. అర్థం ఏమీ తగ్గకపోతే, ఆ వాక్యం మొదటినుంచీ ఏమీ వివరించలేదన్నమాట.

అభ్యాసం: అవే మూడు సంఘటనలను మెదడు భాగం పేరు ఒక్కటీ వాడకుండా మళ్ళీ రాయండి. దేన్ని ముప్పుగా గుర్తించారు, దేన్ని ఆపలేకపోయారు, మధ్యలో ఎంత సమయం గడిచింది అన్నవే ఉండాలి. ఆ తరువాతే భాగాల పేర్లు చేర్చి, ప్రతి పేరు పక్కన మీ ఆధారం గాయం వల్ల తెలిసిందా, విద్యుత్ ప్రేరణ వల్లనా, స్కాను వల్లనా అన్నది రాయండి. పది రోజులు ఆగిన మనిషికి కనీసం ఒక పేజీ కేటాయించండి, ఎందుకంటే అతని విషయంలో కళ్ళెం తెగిపోయిందన్న జవాబును నేను ఒప్పుకోను.