డప్పు దరువు మీద హుషారైన జానపద పాప్ పాట కట్టడం ఎలా?

గిటారు, బేసు, కీబోర్డు, డ్రమ్స్ ఉన్న బ్యాండు జానపదం చేయబోతే సాధారణంగా జరిగేది ఒకటే. పాటంతా కట్టేశాక, ఆఖర్న డప్పు కళాకారుణ్ణి పిలిచి "ఇక్కడ కాస్త వాయించన్నా" అంటారు. అప్పటికే పాట కొయ్యబారి ఉంటుంది. ఆయన ఎంత బాగా వాయించినా అది కూర దించాక పైన చల్లిన కొత్తిమీరే. పని తిరగేసి మొదలుపెట్టాలి: ముందు దరువు, దాని మీద మాట, మాట మీద వరస. గిటారు ఆ తర్వాతే.

1. నడక, వేగం

తెలంగాణ ఊరేగింపుల్లో మోగే హుషారు దరువులు చాలావరకు తిశ్ర నడకవి. ఒక్కో అడుగులో మూడు చిన్న లెక్కలు: తకిట, తకిట. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ మాత్రం తెరవగానే 4/4 (నాలుగేసి లెక్కల తాళం) చూపిస్తుంది. దాన్ని అలాగే వదిలేసి వాయించినదంతా పదహారో వంతు గళ్లకు క్వాంటైజ్ చేశారంటే, అంటే ప్రతి దెబ్బనూ దగ్గర్లోని గడిలోకి జరిపారంటే, ఊపు అక్కడికక్కడే చచ్చిపోతుంది. 12/8 (మూడేసి లెక్కల అడుగులు నాలుగు) పెట్టుకోండి, లేదా 4/4 ఉంచి గ్రిడ్‌ని ట్రిప్లెట్‌కి (అడుగుకు మూడు గళ్లు) మార్చండి.

వేగం నిమిషానికి 108 నుంచి 116 అడుగుల మధ్య బాగుంటుంది. 125 దాటితే మాటకు నోరు తిరగదు, 100కి దిగితే కాళ్లీడుస్తున్నట్టుంటుంది. దీన్ని కుర్చీలో కూర్చుని తేల్చకండి. లేచి అడుగేస్తూ పాడి చూడండి. కొన్ని సాఫ్ట్‌వేర్లు 12/8 పెట్టినా టెంపోను (వేగాన్ని) క్వార్టర్ నోట్లలోనే, అంటే రెండేసి చిన్న లెక్కల చొప్పునే, లెక్కిస్తాయి. వాటిలో 112 కావాలంటే 168 అని కొట్టాలి.

2. మాటలు

తిశ్రానికి గురువు, లఘువు, గురువు, లఘువు అని నడిచే మాటలు అచ్చంగా అతుకుతాయి. ఉదాహరణకి ఈ పల్లవి చూడండి:

సంతదారి సైకిలెక్కి ఎండలోన వచ్చెనమ్మ
రింగురింగు బెల్లుకొట్టి రేగుపళ్ళు తెచ్చెనమ్మ

"సంత"లో సం రెండు మాత్రలు, త ఒకటి. "దారి" కూడా అంతే. ఒక్కో పాదంలో ఇలాంటి అడుగులు ఎనిమిది. ప్రతి అడుగు మొదట్లోనూ గురువే ఉంది కాబట్టి దెబ్బ సరిగ్గా బరువైన అక్షరం మీద పడుతుంది. ఇప్పుడు "సంతదారి" తీసేసి "బజారుదారి" పెట్టి పాడండి. దెబ్బ పొట్టి "బ" మీద పడుతుంది, గాయకుడు తెలియకుండానే "బాజరు" అని సాగదీస్తాడు. వినేవాళ్లకు ఎక్కడో ఏదో కుంటినట్టు అనిపిస్తుంది గానీ ఎందుకో అర్థం కాదు. రాసిన ప్రతి పాదాన్నీ రాగం లేకుండా, తొడ మీద దరువేస్తూ వట్టి మాటగా చదవాలి. నాలిక తట్టుకున్న చోట రాగాన్ని సర్దకండి, మాట మార్చండి.

112 వేగంలో ఈ రెండు పాదాలూ నాలుగేసి అడుగుల బార్లు నాలుగు. మొత్తం పాటకు ఒక లెక్క: డప్పు ఎత్తుగడ 4 బార్లు, పల్లవి రెండుసార్లు 8, మ్యూజిక్ బిట్ 8, చరణం 16, పల్లవి 8, రెండో బిట్ 8, చరణం 16, పల్లవి 8, డప్పు ఒక్కటే 4, చివరి పల్లవి 8. మొత్తం 88 బార్లు, అంటే 3 నిమిషాల 8 సెకన్లు. మూడో చరణం రాయాలని చెయ్యి దురద పెడుతుంది. చాలా పాటలకు అది అక్కర్లేదు.

3. శ్రుతి, కార్డ్స్

జానపద వరసలు చాలావరకు ఐదారు స్వరాల్లోనే తిరుగుతాయి. అందుకని గాయని హాయిగా పాడే శ్రుతికి ఒక అర మెట్టు పైన పెట్టండి. గొంతు కొంచెం బిగిస్తేనే ఆ పాటకు వెలుగు. రెండు మెట్లు పెంచితే మాత్రం అరుపవుతుంది.

గిటారిస్టులు ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ఊరి గొంతులో గాంధారం (గ) ఒక్కచోట నిలవదు, కిందికీ పైకీ జారుతుంది. గిటారు మేజర్ కార్డులో (కలిపి మోగించే స్వరాల గుంపులో) అదే గాంధారం మేకు కొట్టినట్టుంటుంది. రెండూ కలిస్తే గాయని అపశ్రుతి పాడుతోందనిపిస్తుంది, తప్పేమో గిటారుది. కార్డులోంచి ఆ స్వరం తీసేసి షడ్జమం (స), పంచమం (ప) మాత్రమే మోగించండి. డి శ్రుతిలో డి, సి, జి కార్డులు మూడూ చాలు. స్ట్రమ్మింగ్‌లో (తీగలన్నీ కలిపి మీటడంలో) కింద-పైన-కింద, మళ్లీ కింద-పైన-కింద అనండి. చెయ్యి ఆగకుండా కిందకీ పైకీ ఊపుతూ పోతే రెండో అడుగు పై ఊపుతో మొదలై బలహీనపడుతుంది.

4. డప్పు రికార్డింగ్

ఎక్కువ టైము దీనికే ఉంచుకోండి. మేక చర్మంతో చేసిన డప్పును వాయించే ముందు మంట దగ్గర కాచాలి. చర్మంలోని చెమ్మ పోయి బిగుసుకుంటేనే ఆ ఖంగుమనే మోత వస్తుంది. చల్లటి స్టూడియో గదిలో కాసేపటికే మళ్లీ వదులవుతుంది. అందుకే ఉదయం తీసిన టేకు ఒక రకంగా, మధ్యాహ్నం తీసింది గోనెసంచి మీద కొట్టినట్టు వస్తుంది. రెండింటినీ అతకలేరు. మంట ఆరుబయటే పెట్టండి, లోపల పెడితే పొగ అలారం మోగుతుంది. లేదంటే రూం హీటర్ ముందు కాస్త దూరంగా, తిప్పుతూ కాచండి. ప్రతి రెండు మూడు టేకులకీ ఒకసారి కాచి, పల్లవి దరువులన్నీ ఒకే వేడిలో లాగేయాలి. ప్లాస్టిక్ తొడుగున్న ఫైబర్ డప్పుకు ఈ బాధ లేదు, కానీ దాని మోత పొడిగా ఉంటుంది. రెండో పొరగా వాడుకోవచ్చు.

డప్పు వాయించే పొట్టి కర్ర సిర్ర, సన్నటి పొడుగు పుల్ల సిటికెన పుల్ల. బరువు సిర్రది, గలగల పుల్లది. షూర్ ఎస్‌ఎమ్57 లాంటి డైనమిక్ మైకును చర్మానికి అడుగు దూరంలో, కొంచెం ఏటవాలుగా పెట్టండి. గది మోత కోసం ఆరడుగుల దూరంలో ఇంకో మైకు. అతి గట్టి దెబ్బ కూడా మైనస్ 8 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (మైకు శబ్దాన్ని పెంచే స్థాయి) తగ్గించండి. రిహార్సల్ కంటే అసలు టేకులో కళాకారుడు గట్టిగానే కొడతాడు.

హెడ్‌ఫోన్లో టిక్ టిక్ క్లిక్ ఇస్తే డప్పు బిగుసుకుపోతుంది. దాని బదులు గజ్జెల లూప్ వినిపించండి. డప్పు సహజంగా కొంచెం పరుగందుకుంటుంది, దాన్ని పూర్తిగా ఆపనక్కర్లేదు. చివరి పల్లవికి టెంపోను 112 నుంచి 115కి పెంచి ఉంచితే సరి.

5. వంత, చప్పట్లు

నలుగురైదుగురిని ఒకే మైకుకు ఆరడుగుల దూరంలో అరవృత్తంగా నిలబెట్టండి. ప్రతి టేకుకీ చోట్లు మార్చి నాలుగుసార్లు పాడించండి. ఇరవై మంది పాడినట్టుంటుంది. అందరూ శిక్షణ ఉన్న గాయకులైతే భజనలా వస్తుంది, ఇద్దరైనా మామూలు గొంతువాళ్లుండాలి. ఆటోట్యూన్ (స్వరాన్ని సరిచేసే సాఫ్ట్‌వేర్) వంతకు వద్దు.

6. మిక్సింగ్

డ్రమ్స్ కిక్కు (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము), బేసు గిటారు, సిర్ర మూడూ కింది స్థాయి మోతలోనే ఒకదానితో ఒకటి ఢీకొంటాయి. 80 హెర్ట్జ్ కింద కిక్కుకూ బేసుకూ వదిలేసి, డప్పును ఆ పైన ఉంచండి. 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య పుల్ల మోతా, మాటల్లోని హల్లులూ ఒకేచోట ఉంటాయి. చరణంలో డప్పుకు అక్కడ రెండు మూడు డెసిబెల్స్ తగ్గించండి. స్పాటిఫై, యూట్యూబ్ ఎలాగూ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కి (చెవికి వినిపించే మోత కొలమానం) శబ్దాన్ని దించుతాయి. కాబట్టి లిమిటర్‌తో (శబ్దం ఒక గీత దాటకుండా నొక్కే సాధనం) నలిపేస్తే మిగిలేది చప్పబడ్డ దెబ్బ మాత్రమే. ట్రూ పీక్ (అసలైన గరిష్ఠ మోత) మైనస్ 1 డెసిబెల్ దాటనివ్వకండి.

7. విడుదలకు ముందు

"జానపదం" అని చెప్పుకునే పాటల్లో కవి ఎవరో తెలిసినవి చాలా ఉన్నాయి. మన చట్టం ప్రకారం కవి పోయిన తర్వాత కూడా 60 ఏళ్లు సాహిత్యంపై హక్కు ఉంటుంది. పల్లవి ఎవరి నోటో విన్నది అయితే ముందు ఆరా తీయండి. డప్పు కళాకారుడి పేరు "ఇతరులు"లోకి తోసేయకుండా గిటారిస్టు పక్కనే రాయండి.

పెళ్లి బరాత్‌లకు డీజేలు అడుగుతారు కాబట్టి గొంతు లేని వెర్షన్ కూడా దింపుకోండి. ఆ ఫైలుకు మొదట, చివర నాలుగేసి బార్లు వట్టి డప్పు ఉంచి, పేరులోనే 112 అని వేగం రాసిపెట్టండి.