గుంటూరు, బెజవాడ నుంచి అమెరికా వస్తున్నారా? డాలర్ల గురించి, టిప్పు గురించి కొంచెం తెలుసుకుని రండి

ఆగస్టులో చదువుకోడానికి బయల్దేరే పిల్లలున్న ఇళ్ళల్లో పచ్చళ్ళ ప్యాకింగూ, సూట్‌కేసు తూకాలూ, టెన్షనూ ఎలా ఉంటాయో నాకు తెలుసు. ఆ హడావుడిలో డబ్బు ఎలా పట్టుకెళ్ళాలి, అక్కడ ఎవరికి ఎంత టిప్పు ఇవ్వాలి అన్నది ఎవరూ చెప్పరు. గుంటూరు నుంచి టెక్సాస్ వచ్చినప్పుడు నాకూ ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను.

ముందు టిప్పు సంగతి. మన బ్రాడీపేటలో భోజనం అయ్యాక బిల్లుతో పాటు వచ్చిన సోంపు ప్లేటులో పదో ఇరవయ్యో వదిలేసి లేస్తాం, వదలకపోయినా ఎవరూ ఏమీ అనరు. అమెరికాలో కూర్చుని తినే రెస్టారెంట్‌లో ఆ పద్ధతి పనికిరాదు. టిప్పులు వచ్చే పనివాళ్ళకి యజమాని తన జేబులోంచి గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలని అక్కడి ఫెడరల్ (కేంద్ర) చట్టం, 1991 నుంచి ఆ అంకె మారలేదు. టిప్పులు కలిపినా గంటకి కనీస వేతనం 7.25 డాలర్లు రాకపోతే ఆ తేడా యజమాని భర్తీ చెయ్యాలి. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో కనీస వేతనం మొత్తం యజమానే ఇవ్వాలి, టెక్సాస్‌లో మాత్రం ఆ 2.13 లెక్కే. అంటే మనకి నీళ్ళు పోసి, ప్లేటు తెచ్చిన మనిషి ఇంటి అద్దె దాదాపుగా మన టేబుళ్ళ మీంచే వెళ్తుంది.

వచ్చిన మొదటి వారం నలుగురం ఒకచోట తిన్నాం. బిల్లు నలభై డాలర్లు అయింది, నేను రెండు డాలర్లు పెట్టాను, నూట డెబ్బై రూపాయల దాకా ఇచ్చాను కదా అనుకున్నాను. తలుపు దగ్గరికి వచ్చేసరికి వడ్డించిన అమ్మాయి వెనకే వచ్చి, ఏమైనా పొరపాటు జరిగిందా, ఫుడ్ బాగాలేదా అని మెల్లగా అడిగింది. ఆ ముఖం నాకు ఇంకా గుర్తుంది. మాతో ఉన్న సీనియర్ వెనక్కి వెళ్ళి ఇంకో ఆరు డాలర్లు పెట్టి వచ్చాడు.

కాబట్టి లెక్క ఇలా వేసుకోండి. మెనూలో ఉన్న ధరలో ట్యాక్స్ ఉండదు, డల్లాస్‌లో అయితే 8.25 శాతం బిల్లులో కలుపుతారు. టిప్పు ట్యాక్స్‌కి ముందున్న మొత్తం మీద 15 నుంచి 20 శాతం. 40 డాలర్ల భోజనానికి ట్యాక్స్ 3.30, టిప్పు 8, మొత్తం 51.30. పదో వంతు తీసి రెట్టింపు చేస్తే 20 శాతం వచ్చేస్తుంది, ఫోన్ తీయక్కర్లేదు. కార్డు గీకాక ఇచ్చే రసీదు మీద టిప్ అని ఒక గీత, టోటల్ అని ఒక గీత ఉంటాయి, రెండూ మీరే నింపి సంతకం పెట్టాలి. ఆరేడుగురు మించి వెళ్తే చాలాచోట్ల 18 శాతం వాళ్ళే వేసేస్తారు, గ్రాట్యుటీ (అంటే టిప్పే) అని రాసి ఉందేమో బిల్లు ఒకసారి చూసుకోండి, లేకపోతే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. ఇదంతా భరించలేం అనిపిస్తే ఆ రోజు కూర్చుని తినకుండా పార్సిల్ తెచ్చుకోండి, అంతేగాని సర్వర్ దగ్గర మిగుల్చుకోవద్దు. పార్సిల్‌కి వెళ్ళినప్పుడు కూడా కౌంటర్ మీద స్క్రీన్ 18, 20, 25 అని చూపిస్తుంది, అక్కడ నో టిప్ నొక్కినా తప్పు లేదు. కటింగ్ చేసినవాళ్ళకీ, ఇంటికి ఫుడ్ తెచ్చినవాళ్ళకీ ఇవ్వండి. పోలీసులకీ, డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో వాళ్ళకీ మాత్రం పని అయింది కదా అని నోటు చేతిలో పెట్టబోకండి, అది లంచం కిందకి వచ్చి కేసవుతుంది.

ఈ పద్ధతి అన్ని దేశాల్లో ఒకేలా ఉండదు. లండన్ రెస్టారెంట్లలో తరచుగా 12.5 శాతం బిల్లులోనే ఉంటుంది, జపాన్‌లో అసలు టిప్పు ఇవ్వరు.

ఇక డాలర్లు. విజయవాడలో బ్యాంకులోగానీ, ఆర్‌బీఐ లైసెన్సు ఉన్న మనీ ఛేంజర్ దగ్గరగానీ కొనండి, రెండుమూడు చోట్ల రేటు అడిగి, రసీదు తీసుకోండి. ఎయిర్‌పోర్టు దాకా ఆగితే మామూలుగా రేటు ఎక్కువ పడుతుంది. 50 వేల రూపాయలు దాటితే నగదు తీసుకోరు, బ్యాంకు ద్వారానే కట్టాలి. నోట్ల రూపంలో 3,000 డాలర్ల వరకే పట్టుకెళ్ళచ్చు, మిగతాది ఫారెక్స్ కార్డులో (ముందే డాలర్లు వేసి ఇచ్చే కార్డు) వేయించుకోండి. నోట్లన్నీ వందలవి అంటగడితే ఒప్పుకోకండి, ఒకట్లు, ఐదులు, ఇరవైలు అడిగి తీసుకోండి, ఎందుకంటే చాలా చిన్న షాపుల్లో ఇరవైకి మించిన నోటు తీసుకోరు, దిగిన రాత్రి మంచినీళ్ళ సీసా కొనడానికి కూడా ఇబ్బంది పడతారు.

ఇండియా కార్డు వాడినప్పుడు మెషిన్ రూపాయల్లో కడతారా, డాలర్లలోనా అని అడిగితే డాలర్లే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మెషిన్ వాళ్ళు వేస్తారు, అది మనకి నష్టం.

నోట్లన్నీ ఒకే సైజు, ఇంచుమించు ఒకే రంగు. ఇచ్చేముందు అంకె చూడండి, ముఖ్యంగా అమ్మానాన్నలు వచ్చినప్పుడు వాళ్ళకి ఇది చెప్పండి. నాణేల్లో పది సెంట్లది ఐదు సెంట్లదాని కన్నా చిన్నగా ఉంటుంది, మొదట్లో అందరూ తడబడతారు. పాతిక సెంట్ల క్వార్టర్లు మాత్రం ఖర్చు పెట్టకుండా ఒక డబ్బాలో వేసి దాచండి, కొన్ని అపార్ట్‌మెంట్లలో బట్టలుతికే మెషిన్లు ఇంకా వాటితోనే నడుస్తున్నాయి.