మెట్రిక్ పరీక్షకు ముందు: వెన్, ఇఫ్, ఆల్దో దగ్గర జాగ్రత్తలు

ఒడిశాలోని మా పర్లాకిమిడి పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ. ఇవి చాలవన్నట్టు పరీక్షలో ఇంగ్లీష్ పేపరు. ఒక భాష అలవాటు ఇంకో భాషలోకి తెలియకుండానే వచ్చేస్తుంది. సాయంత్రం ట్యూషన్‌లో నోటుపుస్తకాలు దిద్దుతుంటే నా ఎర్ర పెన్ను ఎక్కువగా ఆగేది అడ్వర్బియల్ క్లాజుల దగ్గరే. పని ఎప్పుడు జరిగింది, ఎందుకు జరిగింది, ఏ షరతు మీద జరుగుతుంది అని చెప్పే ఉపవాక్యాలు ఇవి.

మొన్న ఒక పాప 'వెన్ హి విల్ కమ్, ఐ విల్ టెల్ హిమ్' అని రాసింది. మనసులో ఏమనుకుని రాశావమ్మా అని అడిగితే, 'జెతెబెళె సే ఆసిబ' అంది. ఒడియాలో 'ఆసిబ' భవిష్యత్తు. అదే ఇక్కడ 'విల్' అయింది. మరి ఇంట్లో అమ్మతో ఎలా అంటావు అన్నాను. 'వచ్చినప్పుడు చెప్తాను.' వచ్చినప్పుడు, వస్తే, రాగానే, వచ్చేదాకా: వీటిలో దేనిలోనూ 'వస్తాడు' లేదు. భవిష్యత్తు అంతా 'చెప్తాను'లోనే ఉంది. ఇంగ్లీషూ అంతే, 'విల్' ప్రధాన వాక్యంలోనే ఉంటుంది. పాప 'విల్' కొట్టేసి, 'కమ్' చివర ఒక ఎస్ చేర్చింది: 'వెన్ హి కమ్స్, ఐ విల్ టెల్ హిమ్.' ఇంగ్లీష్ రాసేటప్పుడు తెలుగులో ఆలోచించొద్దని పిల్లలకు చెప్పేవాళ్లున్నారు. ఈ ఒక్క చోట మాత్రం తెలుగులోనే ఆలోచించమంటాను.

అలాగని 'వెన్' కనిపించిన ప్రతిచోటా 'విల్' కొట్టేయకండి. 'ఐ డోంట్ నో వెన్ హి విల్ కమ్' సరైన వాక్యమే. తెలుగులో అనుకుని చూడండి: 'ఎప్పుడు వస్తాడో తెలియదు.' చివర 'ఓ' వినిపించిందా? అది నౌన్ క్లాజు, అంటే నామవాచకంలా పనిచేసే ఉపవాక్యం. అందులో 'విల్' ఉండొచ్చు. 'ఇఫ్'కీ ఇదే పరీక్ష. 'వస్తే' అయితే 'విల్' వద్దు, 'వస్తాడో రాడో' అయితే ఉండొచ్చు.

తర్వాతి ప్రమాదం జంట పదాలు. ఒడియాలో 'జదియొ' (అయినప్పటికీ) అన్నాక వెనకాలే 'తథాపి' (అయినా) వస్తుంది. అందుకే పిల్లలు 'ఆల్దో' రాసి, మధ్యలో 'బట్' కూడా పెడతారు. మనకు 'వాన పడినా వెళ్లాను'లో ఒక్క 'పడినా' సరిపోతుంది, ఇంగ్లీషుకూ ఒక్క మాట చాలు. 'బికాజ్' పెడితే 'సో' వద్దు. 'చదవకపోతే'లో ఉన్న 'కాదు' అనే అర్థం 'అన్‌లెస్'లోనే ఉంది, మళ్లీ 'నాట్' పెడితే అర్థం తిరగబడుతుంది. 'అంటిల్'తో కూడా జాగ్రత్త. హిందీ 'జబ్ తక్ నహీ ఆతా' (రానంతవరకు) చెవిలో ఉంటే 'అంటిల్ హి డజ్ నాట్ కమ్' అని వచ్చేస్తుంది. 'అంటిల్ హి కమ్స్' చాలు.

గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు ఇది. సవర గిరిజనుల దగ్గర కూర్చుని వాళ్ల మాట నేర్చుకుని నిఘంటువు చేశారాయన. రెండు భాషలు పక్కపక్కన పెట్టి చూసుకోవడం ఈ ఊరి పిల్లలకు కొత్తేమీ కాదు.

తెలుగు మనల్ని దెబ్బతీసే చోట్లూ ఉన్నాయి. 'ఇంటికి వెళ్లగానే అన్నం తిన్నాడు' అంటాం, ఎవరు వెళ్లారో చెప్పం. ఇంగ్లీషులో 'యాజ్ సూన్ యాజ్ హి వెంట్ హోమ్, హి ఏట్' అని రెండుసార్లు 'హి' కావాలి. 'నేను బడికి రాలేదు. ఎందుకంటే జ్వరం వచ్చింది' అని రెండు వాక్యాలుగా అంటాం. ఆ అలవాటుతో 'బికాజ్'కి ముందు ఫుల్‌స్టాప్ పెడితే మార్కు పోతుంది, దాన్ని ముందు వాక్యంలో కలిపేయండి. ఉపవాక్యం ముందు వస్తే దాని చివర కామా పెట్టండి. వెనక వస్తే సాధారణంగా అక్కర్లేదు.

పరీక్షలో చివరి పది నిమిషాలు ఉంచుకోండి. టెన్షన్ పడి పేపరంతా మళ్లీ చదవక్కర్లేదు. వెన్, ఇఫ్, అంటిల్, అన్‌లెస్ ఎక్కడున్నాయో పెన్సిల్ మొనతో వెతుక్కుంటూ వెళ్లండి. వాటితో మొదలయ్యే ఉపవాక్యంలో 'విల్' ఉంటే ఆగి, వాక్యాన్ని లోపలే తెలుగులో అనుకోండి. 'ఓ' వినిపించకపోతే ఆ 'విల్' కొట్టేయండి.