మోచేతి నొప్పి ఎలా తగ్గింది: నా అనుభవం

17 ఏళ్ల వయసులో బేస్‌బాల్‌లో పిచింగ్ (బ్యాటర్‌కు బంతి విసరడం) చేస్తుండగా నాకు మోచేతి లోపలి వైపు నొప్పి మొదలైంది. తప్పంతా కర్వ్‌బాల్‌దేనని (గాల్లో వంపు తిరిగేలా విసిరే బంతి) నమ్మి దాన్ని మానేశాను. నొప్పి పోలేదు. సైడ్‌ఆర్మ్‌కు, అంటే చేతిని పక్కనుంచి తిప్పి విసిరే శైలికి, మారమన్నారు కొందరు; ఆ శైలి మోచేతికి తేలికనుకోవడం పొరపాటు. చివరికి వీడియోను నెమ్మదిగా నడిపి చూస్తే అసలు సంగతి తెలిసింది: ముందు కాలు నేలను తాకకముందే భుజాలు తిరిగిపోతున్నాయి! కాళ్లూ నడుమూ ఇవ్వాల్సిన బలాన్ని చెయ్యి ఒక్కటే మోస్తోంది.

వైద్యుడి సలహాతో 6 వారాలు బంతి ముట్టలేదు. తర్వాత కాలు ఆనాకే భుజాలు తిరిగేలా ఆ క్రమాన్ని ఓపికగా సరిచేసుకున్నాను. యువ పిచర్ల కోసం అమెరికాలో రూపొందించిన పిచ్ స్మార్ట్ మార్గదర్శకాల ప్రకారం 17-18 ఏళ్లవారికి రోజుకు 105 పిచ్‌లే (మ్యాచ్‌లో బ్యాటర్‌కు విసిరే బంతులు) పరిమితి. 81 లేదా అంతకు మించి వేస్తే 4 రోజుల విశ్రాంతి. సన్నాహకంగా విసిరేవి ఈ లెక్కలోకి రావు. చేతికి మాత్రం అవీ భారమే, అందుకే నేను వాటినీ రాసుకుంటున్నాను. ఆ సీజన్ నొప్పి లేకుండా ముగించాను.