ఆయాసం ఉన్నవాళ్ళు కుర్చీ దగ్గర చేసుకునే వ్యాయామం

సీఓపీడీ అంటే ఊపిరితిత్తుల్లో గాలిగొట్టాలు ఇరుకైపోయి, పూర్తిగా నయం కాని జబ్బు. అది ఉన్నవాళ్ళకి గాలి చాలట్లేదని అనిపిస్తుంది. నిజానికి ఎక్కువ ఇబ్బంది బయటికి రాని గాలితోనే. పొగ, దుమ్ము వల్ల దెబ్బతిన్న సన్నని గాలిగొట్టాలు శ్వాస వదిలేటప్పుడు మధ్యలోనే మూసుకుపోతాయి. పాత గాలి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటుంది. దానిమీద ఇంకో శ్వాస, ఇంకో శ్వాస లాగుతూపోతే ఛాతీ ఉబ్బిపోయి కొత్త గాలికి చోటుండదు. అందుకే నేను నేర్పేదంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: శ్వాస బాగా బయటికి వదలడం, కష్టమైన కదలిక ఏదైనా ఆ వదిలే శ్వాసతోనే చేయడం.

నేను ఛాతీ వార్డులో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు పొద్దున్నే విశాఖపట్నం శివాజీ పార్కులో మా చుట్టుపక్కల వాళ్ళు కొందరికి ఇవి చేయిస్తాను. ఒక బాబాయిగారు ఉద్యోగమంతా బొగ్గు దుమ్ములోనే చేశారు. ఒకావిడ అడ్డపొగ, అంటే నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని చుట్ట, తాగి తాగి, పెద్దవయసులో మానేశారు. ఇంకో ఇద్దరు అక్కలు బీడీ, చుట్ట ఏదీ ముట్టనివాళ్ళు. శ్రీకాకుళం పల్లెల్లో కట్టెల పొయ్యి ముందు కూర్చుని వండిన పొగే వాళ్ళకి ఈ జబ్బు తెచ్చింది. ఆడవాళ్ళకి ఆయాసం వస్తే వయసనో, ఒళ్ళు చేసిందనో వదిలేస్తారు. దయచేసి అలా వదలకండి, ఒకసారి స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి ఊదించి ఊపిరితిత్తుల బలం కొలిచే పరీక్ష, చేయించండి.

మొదలుపెట్టే ముందు మీ డాక్టరుగారికి చెప్పండి. గుండె జబ్బు కూడా ఉంటే ఇది మరీ ముఖ్యం. ఈ వ్యాయామం పాడైన ఊపిరితిత్తిని మళ్ళీ బాగుచేయదు. కాళ్ళూ చేతుల కండరాలకి ఉన్న గాలితోనే ఎక్కువ పని చేయడం నేర్పుతుంది, భయం తగ్గిస్తుంది. మందులకి ఇది బదులు కాదు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చే ఇన్‌హేలర్ మీకు రాసిచ్చి ఉంటే, వ్యాయామానికి పది, పదిహేను నిమిషాల ముందు దాన్ని వాడాలా అని డాక్టరునే అడగండి. మొదలుపెట్టాక కూడా అది చేతికందేలా ఉండాలి.

తిన్న వెంటనే వద్దు, గంటన్నర ఆగండి. చీర కట్టేవాళ్ళు లంగా బొందు వదులు చేసుకోండి, మగవాళ్ళు బెల్టు తీసేయండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పొట్ట బిగిసి ఉంటే ఊపిరితిత్తుల కింద ఉండి శ్వాస లాగే కండరం, డయాఫ్రం, కదలలేదు.

కూర్చుని శ్వాస

గట్టి కుర్చీ ఒకటి గోడకి ఆనించి వేసుకోండి. పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి, అందకపోతే కింద పీట పెట్టండి. భుజాలు కిందికి వదిలేయండి. ఆయాసం ఉన్నవాళ్ళు తెలియకుండానే భుజాలు చెవుల దాకా ఎత్తి ఉంచుతారు.

ముక్కుతో రెండు లెక్కపెట్టేంతసేపు మామూలుగా శ్వాస తీసుకోండి. గుండెల నిండా లాగక్కర్లేదు. తర్వాత పెదవులు సున్నాలా చుట్టి, వేడి కాఫీ మీద మెల్లగా ఊదుకున్నట్టు నాలుగు లెక్కపెట్టేంతసేపు వదలండి. పెదవుల దగ్గర పడే ఆ చిన్న అడ్డు వల్ల లోపల కొంచెం ఒత్తిడి నిలిచి, గొట్టాలు తొందరగా మూసుకోకుండా ఉంటాయి. గట్టిగా ఊదితే ఫలితం తిరగబడుతుంది. బుగ్గలు ఉబ్బుతున్నాయంటే బలం ఎక్కువైందని అర్థం. ఇలా ఐదారుసార్లు చేసి, మామూలు శ్వాసకి వచ్చేయండి.

పొట్టమీద చెయ్యి పెట్టుకుని, పొట్ట లేచేలా శ్వాస తీసుకోమని చాలాచోట్ల చెబుతారు. అది కొందరికి హాయిగా ఉంటుంది. ఛాతీ బాగా ఉబ్బిపోయినవాళ్ళకి మాత్రం దానివల్ల గస పెరగొచ్చు. మీకు పెరిగితే మానేయండి, పట్టుదల వద్దు.

చేతులు

తల దువ్వుకునేటప్పుడు, బట్టలు ఆరేసేటప్పుడు ఆయాసం ఎందుకొస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? మెడ, భుజాల కండరాలు అప్పటికే శ్వాసకి సాయం చేస్తుంటాయి. చేతులెత్తితే వాటికి ఇంకో పని పడుతుంది. అందుకని ఈ కదలికని ఓపిగ్గా నేర్చుకోవాలి.

అరచేతులు తొడల మీద పెట్టి శ్వాస తీసుకోండి. వదులుతూ రెండు చేతులూ ముందుకి, భుజాల ఎత్తు వరకే లేపండి. అక్కడ ఆపి శ్వాస తీసుకోండి. వదులుతూ దించండి. యోగా క్లాసుల్లో చేతులెత్తుతూ శ్వాస తీసుకోమంటారు, మా వాళ్ళకి నేను దీన్ని తిరగేసి చెబుతాను. నాలుగుసార్లు చేసి ఆగండి. కొన్ని వారాల్లో ఇది సులువైతే భుజాలు దాటి పైకి వెళ్ళొచ్చు.

నిలబడి బరువు మార్చడం

ఇది చైనావాళ్ళు మెల్లమెల్లగా కదులుతూ చేసే తాయ్ చీ అనే వ్యాయామం నుంచి తీసుకున్నది, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. చైనాలో 120 మంది సీఓపీడీ రోగుల్లో సగం మందికి తాయ్ చీ, మిగతా సగానికి ఆసుపత్రి పద్ధతి వ్యాయామం 12 వారాలు చేయించి పోల్చారు. 2018లో వచ్చిన ఆ ఫలితాల్లో, శిక్షణ ముగిసేసరికి రెండు గుంపులూ దాదాపు సమానంగా ఉన్నాయి. మరో 12 వారాలకి చూస్తే తాయ్ చీ చేసినవాళ్ళే కాస్త మెరుగ్గా ఉన్నారు. మెషీన్లు, జిమ్ అక్కర్లేని పద్ధతికి ఇది చిన్న సంగతి కాదు.

కుర్చీని తిప్పి, దాని ముందువైపు గోడకి ఆనించి, వెనక నిలబడి, దాని వీపుని రెండు చేతులతో తేలిగ్గా పట్టుకోండి. పాదాల మధ్య మీ భుజాలంత వెడల్పు ఉండాలి, మోకాళ్ళు కాస్త వదులుగా ఉండాలి. శ్వాస వదులుతూ శరీరం బరువంతా కుడికాలి మీదకి మెల్లగా మార్చండి. ఎడమపాదం ఖాళీ అయినట్టు తెలియాలి. శ్వాస తీసుకుంటూ మధ్యకి రండి. మళ్ళీ వదులుతూ ఎడమకాలి మీదకి. కళ్ళు మూసుకోవద్దు, పడిపోతారు. మనసుని అరికాళ్ళ దగ్గర పెట్టండి, బరువు మడమ మీద ఉందా వేళ్ళ మీద ఉందా అని చూస్తూ ఉండండి. మనసుకి ఆ పని దొరికితే, ఆయాసం వస్తుందేమోనన్న టెన్షన్ పక్కకి జరుగుతుంది. ఆ టెన్షనే శ్వాసని తొందరపెడుతుంది, తొందరపడిన శ్వాస గాలిని ఇంకా ఇరికిస్తుంది.

శ్వాసని లెక్కపెట్టడం కొందరికి కుదరదు. మా అక్కల్లో ఒకావిడ వదిలే ప్రతి శ్వాసకీ 'అప్పన్నా' అని సాగదీసి అనుకుంటారు. నోటితో అంటే శ్వాస దానంతటదే పొడవవుతుంది. మీ ఇష్టదైవం పేరు ఏదైనా సరే. చివర్లో కూర్చుని మెల్లగా భ్రామరి, అంటే 'మ్‌మ్' అని నాదం నాలుగైదుసార్లు చేస్తే శరీరం సర్దుకుంటుంది. చెవులు మూసుకోవడం, శ్వాస బిగబట్టడం అక్కర్లేదు.

మొత్తం పది నిమిషాలతో మొదలుపెట్టి, ఇరవై, ముప్పై నిమిషాల దాకా పెంచండి. వారానికి కనీసం మూడు రోజులు చేయండి. తేడా తెలియడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పట్టొచ్చు.

వద్దన్నవి

2025 జూన్ 21న ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షల మంది యోగా చేశారు. అప్పటి ఉత్సాహంతో మా వీధిలో ఆయాసం ఉన్నవాళ్ళు కూడా టీవీ చూసి కపాలభాతి మొదలుపెట్టారు. గట్టిగా, వేగంగా గాలి బయటికి నెట్టినప్పుడే ఈ జబ్బులో గొట్టాలు నొక్కుకుపోతాయి. కపాలభాతి, భస్త్రిక (వేగంగా గాలి లాగి వదలడం), కుంభకం (శ్వాస బిగబట్టడం), తలకిందులు ఆసనాలు మీకు వద్దు. టీచరుగారికి జబ్బు పేరు చెప్పి, వాటిని వదిలేసి కూర్చోండి, మొహమాటపడకండి.

ఎంత ఆయాసం దాకా చేయొచ్చు? సున్నా నుంచి పది వరకు కొలత అనుకుంటే మూడు, నాలుగు దగ్గర ఉండాలి. అంటే చిన్న వాక్యం మాట్లాడగలగాలి. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ శాతం చూసే ఆక్సీమీటరులో 88 కన్నా తగ్గితే ఆపి కూర్చోండి, మీ డాక్టరు వేరే అంకె చెప్పి ఉంటే దాన్నే పాటించండి. గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలికి పెట్టి, అంకె నిలకడ అయ్యేదాకా చూడండి. ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకునేవాళ్ళు అది పెట్టుకునే చేయాలి, ఫ్లో మీరే పెంచకూడదు. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం, పెదవులు నీలంగా మారడం, కూర్చున్నా తగ్గని ఆయాసం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి.

మామూలు గస ఎగదన్నితే కుర్చీలో ముందుకి వంగి, మోచేతులు తొడల మీద ఆనించి, పెదవులు చుట్టి వదలండి. నిలబడి ఉంటే పార్కు గోడ మీదో, బైకు సీటు మీదో చేతులు ఆనించినా చాలు.

మన ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత దారుణంగా ఉంటుంది, పొద్దున ఆరు గంటలకే ముగించేయండి. దీపావళి మర్నాడు, భోగి మంటల పొద్దున, ఎదురింట్లో చెత్త తగలబెట్టిన రోజు తలుపులు వేసుకుని ఇంట్లోనే చేయండి.

కఫం ఎక్కువైనా, పచ్చగా మారినా, జ్వరం వచ్చినా వ్యాయామం ఆపి డాక్టరుని కలవండి. తగ్గాక డాక్టరు సరేనంటే, ఆపిన చోటి నుంచి కాకుండా అందులో సగంతో మళ్ళీ మొదలుపెట్టండి. మొదటి రోజుల్లో కూర్చుని చేసేవి చాలు. అవి గస లేకుండా సాగుతున్నప్పుడు కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడండి.