కార్పల్ బోన్స్ మీ చేతి మీదే నేర్చుకోండి
నర్సింగ్ ఫస్టియర్‌లో అనాటమీ మొదలైన వాళ్లకి ఒక మాట, మణికట్టులోని 8 కార్పల్ బోన్స్ పేర్లు ఊరికే బట్టీ కొట్టకండి, పొద్దున్నకి ఒక్కటీ గుర్తుండదు. మీ చెయ్యే ముందు పెట్టుకోండి. బొటనవేలు బాగా వెనక్కి చాపితే దాని మొదట్లో చిన్న గుంట పడుతుంది కదా, అడుగున తగిలేది స్కాఫాయిడ్. అరచేతి వైపు చిటికెన వేలి కింద, మణికట్టు గీత పక్కనే బఠాణీ గింజలా గట్టిగా తగిలేది పిసిఫామ్, అది ట్రైక్వెట్రల్ మీద కూర్చుని ఉంటుంది. స్కాఫాయిడ్‌కీ ట్రైక్వెట్రల్‌కీ మధ్యలో లూనేట్, అంతే, ఈ ఎముకలుండే రెండు వరసల్లో మొదటిది, ఈ నాలుగిటిదీ, అయిపోయింది, పెన్నుతో చేతి మీదే గీసేసుకోండి. పడిపోతూ అరచెయ్యి నేలకి ఆనిస్తే ఈ ఎముకల్లో ఎక్కువగా విరిగేది స్కాఫాయిడే, రక్తం సరిగ్గా అందక అతుక్కోడానికి చాలా టైం పడుతుంది, అందుకే ఆ గుంటలో నొక్కితే నొప్పి ఉందా అని చూస్తారు.